మైకు ఆపి చెప్పిన అర్థశాస్త్రం

మా అర్థశాస్త్రం మేడం పోయిన వారం నంద్యాలలో కన్నుమూశారు. దూరవిద్య విద్యార్థుల కోసం ఆమె రాస్తున్న ఈ-బుక్కులో చివరి అధ్యాయం మిగిలిపోయింది. దాన్ని పూర్తిచేసే బాధ్యత నా మీద పడింది. అందుకే ఆమె పద్ధతిని ఇప్పుడే నలుగురికీ చెప్పాలనిపించింది.

ఆమె రాసేవారు. ఆ పేజీలు మామూలు ఫోనులోనూ తేలిగ్గా తెరుచుకునేలా నేను కూర్చేవాణ్ణి. మొదట్లో ఆ పుస్తకం ఆన్‌లైన్ క్లాసుకు తోడు మాత్రమే. ఆళ్లగడ్డ నుంచి ఒక విద్యార్థిని ఫోన్ చేశాక అది మారింది. ఆ అమ్మాయిది విగ్రహాలు చెక్కే కుటుంబం.

"నేను మానేస్తా మేడం. మా షెడ్డులో రాయి కోసే మిషను ఆగదు. మీరు చెప్పేది ఒక్క ముక్క కూడా ఇనపడదు."

"కండ్లు కనపడ్తాండాయి గదమ్మా?"

"కనపడ్తాండాయి."

"అయితే మానొద్దు. నేను చూసుకుంటా."

అప్పటినుంచి ప్రతి పాఠాన్నీ ముందుగా నాకు మైకు ఆపి చెప్పేవారు. తెరమీద పుస్తకం పేజీ, దానిపై కదిలే బాణం గుర్తు, అంతే. నాకు అర్థం కాకపోతే నన్ను తప్పుపట్టేవారు కాదు; పేజీని తిరగరాసేవారు. "ఇన్నేండ్లు నోటితోనే బతికినా నాయనా. ఇప్పుడు నోరు మూసుకోని చెప్పాల్సొచ్చె!" అని నవ్వేవారు.

ధర మారితే గిరాకీ ఎంత మారుతుందో చెప్పే పాఠంలో, ఉప్పు ధర పెరిగినా కొంటామని, విగ్రహం ధర పెరిగితే వాయిదా వేస్తామని రాశారు. విద్యార్థులు వ్యాఖ్యలు రాసుకునే పేజీ అంచులో ఆ అమ్మాయి ఇలా రాసింది: "మొక్కుకున్నోళ్లు ఎంతైనా కొంటారు మేడం. కావాలంటే మా నాయన్ను అడగండి."

మేడం ఆ మాటను పాఠంలోకే ఎక్కించారు. "ఈ పాప నాకే పాఠం చెప్తాంది సూడప్పా" అని మురిసిపోయారు. అమ్మాయి చదువు మానలేదు.

మేడం చిత్తుప్రతి ఆధారంగా చివరి అధ్యాయం పూర్తిచేసి, మొన్న ఆళ్లగడ్డ వెళ్లి ఆ అమ్మాయి ఫోనులో వేసి ఇచ్చాను. సగం చెక్కిన నందికి ఫోను ఆనించి, తెరమీద పడుతున్న రాతిపొడిని వేలితో తుడుచుకుంటూ వెంటనే చదవడం మొదలుపెట్టింది.

వచ్చే నెలలో పరీక్ష. మేడం సరిచూడని ఆ పేజీలు అక్కడ, ఆ మోతలో, మాట సాయం లేకుండా అర్థమవుతాయో లేదో నాకింకా తెలియదు.