క్లచ్చు లేని పసుపు లారీ

ఆ రోజుల్లో లారీ ఎంత వేగంగా పోతోందో చెప్పేది మీటరు ముల్లు కాదు, డ్రైవరు చెవి. గేరు ఎప్పుడు మార్చాలో చెప్పేది అతని ఎడమ అరిచెయ్యి. (ముల్లు బండి కొన్న ఏడాదికే సున్నా దగ్గర పడుకునేది, దాన్ని లేపాలని ఎవరికీ తోచేది కాదు.) ఇప్పుడు షెడ్డుకి వెళితే ముందు కనబడేది స్పానరు కాదు, ల్యాప్‌టాప్. బండికి ఒక వైరు తగిలిస్తారు, అది ఏదో అంకె చూపిస్తుంది, ఆ ముక్క మార్చేస్తారు. బండి ఏ దారిన వచ్చిందని మాటవరసకైనా అడగరు! నాకు ఒళ్ళు మండుతుంది. నేను ఏడో తరగతి తప్పినవాణ్ణి. పాత కాగితాల కొట్లో తూకానికి తెచ్చుకున్న పుస్తకాలతో, అట్టలు ఊడిన నిఘంటువుతో ఇంగ్లీషు కూడబలుక్కున్నవాణ్ణి. చదువంటే నాకు పగ లేదు, అడగకపోవడం మీదే పగ. అయితే అడగకుండా తీర్పు చెప్పినవాళ్ళలో మొదటివాణ్ణి నేనే. అది దాచిపెట్టి ఊరికే ఎగిరితే న్యాయం కాదు.

నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. తెనాలిలో కాలవగట్టు మీద సాయిబు మామ షెడ్డులో గేరుబాక్సుల పని చేసేవాణ్ణి. మామకి సంతకం తప్ప రాత రాదు. కానీ గేరుబాక్సు మీద అరిచెయ్యి ఆనించి, లోపల ఏ పన్ను అరిగిందో చెప్పేవాడు. నన్ను మాత్రం "ఏరా పుస్తకం" అని పిలిచేవాడు. (షెడ్డులో మిగతావాళ్ళు "పుస్తకం గారూ" అనేవారు. అది మర్యాద అని నేను కొన్నాళ్ళు నమ్మాను.) రేపల్లెలో రైసుమిల్లు ఉన్న ఒక పెద్దాయన, ఊరందరికీ బాబాయి, చమురు బావులు తవ్వడానికొచ్చిన విదేశీయులు వదిలేసి పోయిన పాత పసుపు లారీ ఒకటి వేలంలో పాడుకొచ్చాడు. దానికి క్లచ్చు లేదు! కాళ్ళ దగ్గర రెండే పెడళ్ళు. గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది. తెనాలిలో సగం మంది వంగి, దాని పెడళ్ళు లెక్కపెట్టి వెళ్ళారు. నేను మొదటిసారి నడిపిన రోజున, మావటి మాట కోసం ఆగకుండా ఏనుగు తనే లేచి నడిచినట్టు, మొదటి గేరులోంచి రెండులోకి, రెండులోంచి మూడులోకి చిన్న నిట్టూర్పుతో జారిపోయింది. నా ఎడమచెయ్యి ఏం చెయ్యాలో తెలియక ఒళ్ళో పడి ఉంది. లోపల ఎవరో కూర్చుని, నాకంటే బాగా నడుపుతున్నారనిపించి రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

మినుము కోతల రోజుల్లో బాబాయి ఒకసారి, ఆయిలు మార్చాలి, షెడ్డుకి తీసుకుపొమ్మని తాళం నా చేతిలో పెట్టాడు. రేపల్లెలో బయలుదేరి వేమూరు దాకా రాజాలా వచ్చాను. వేమూరు దాటాక ముల్లు టక్కున సున్నాకి పడింది. ఆ తర్వాత బండి రెండో గేరు వదల్లేదు. ఎంత తొక్కినా ఇంజను అరుపే గాని ముందుకు సాగదు. మామ చీరాలలో కూతురింట్లో ఉన్నాడు. పెద్దదిక్కు లేని షెడ్డులో నేనే పెద్దదిక్కునై, బండితో వచ్చిన లావుపాటి పుస్తకం తీసి, గేర్ల అధ్యాయం రెండు రోజులు చదివాను. అందులో కరెంటు బొమ్మలున్న పేజీలు మాత్రం వదిలేశాను. మా దగ్గర గేర్ల మేస్త్రీ వైరు ముట్టుకోడు, వైర్లాయన గేరు ముట్టుకోడు. ముట్టుకుంటే ఇద్దరికీ నామోషీ. మూడో రోజు షెడ్డుకి వచ్చిన బాబాయి ముందు నిలబడి ప్రకటించాను. "రెండు జబ్బులండి బాబాయి. మీటరు పోయింది, అది చిన్నది. గేరుబాక్సు లోపల పోయింది, అది ప్రాణం మీదిది. సామాను ఈ దేశంలో దొరకదండి."

బాబాయి లారీ ముందుభాగం మీద చెయ్యి వేసి, "అయితే కోయించేద్దాం లేరా" అన్నాడు. బాపట్ల పాత ఇనుప కొట్టాయన ఎల్లుండి గ్యాస్ కట్టరుతో వస్తాడని కబురొచ్చింది. ఆ ఏనుగుని చంపమని చెప్పింది నేనే కదా.

మర్నాడు పొద్దున్నే మామ దిగాడు. విషయం విని లారీ వైపు చూడలేదు, నా వైపు చూశాడు.

"ముల్లు ఎప్పుడు పడిందిరా?"

"వేమూరు దాటాక, మామా."

"గేరు?"

"అదీ అక్కడే."

"ఒకే ఇంట్లో ఇద్దరికి ఒకే పూట విరేచనాలు పట్టుకుంటే ఇద్దరు డాక్టర్లని పిలుస్తావా, బిందెలో నీళ్ళు చూస్తావా? ఎక్కు. జబ్బు ఎక్కడ తగులుకుందో అక్కడికే పోదాం."

రెండో గేరులో గోల పెట్టుకుంటూ బయలుదేరాం. పాలక్యాన్లు కట్టుకున్న సైకిలాయన మమ్మల్ని దాటిపోతూ, "ఏంటన్నా, లారీయా, ఊరేగింపా?" అని అడిగాడు. మామ కిటికీలోంచి తల బయటపెట్టి, "పెళ్ళికొడుకు వీడే, చూసిపో" అన్నాడు. వేమూరు దగ్గర రోడ్డు మీద సగం మేర మినప చెట్లు పరిచి ఉన్నాయి. మా వైపు రైతులకి రోడ్డే కళ్ళం. వచ్చేపోయే బండ్ల చక్రాలే నూర్పిడి. వాటి పక్కన కొడవలి పట్టుకుని ఒక పిన్ని కూర్చుని ఉంది. లారీని చూడగానే లేచింది.

"ఇదే బండి! ఈ అబ్బాయే! నా చెట్లు సగం ఈడ్చుకుపోయాడు!"

"వీడేం చేశాడమ్మా?" అన్నాడు మామ.

"ఒక్కసారి తొక్కి పో నాయనా అన్నానండి. 'క్లచ్చు లేని బండి పిన్నీ, చూడు దీని సోకు' అని ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు తిప్పాడు. కాయలు రాలాయి, కాదనను. తీగలేవీ అని చూస్తే, బండి కిందే చుట్టుకుని వెళ్ళిపోయాయి!"

మామ నా వైపు తిరిగాడు. నేను కాలవలో నీళ్ళు ఎంత ఉన్నాయో పరీక్షగా చూస్తున్నాను.

ఇంజను ఆపి, చక్రాలకి రాళ్ళు పెట్టి కిందకి దూరాం. గేరుబాక్సు వెనక, తిరిగే షాఫ్టు చుట్టూ మినప తీగ మోకులా బిగుసుకుని ఉంది. దాని కింద నలిగి, తెగి, ఒక సన్నటి వైరు. ఆ వైరు చివర బొటనవేలంత ముక్క. "ఇదేంట్రా?" అన్నాడు మామ. నాకు తెలియదు. పిన్ని మా ఇద్దర్నీ పక్కకి జరగమని, తనే దూరి, కొడవలితో తీగ ఒక్కో చుట్టూ కోసి లాగింది. "పశువులకైనా పనికొస్తుంది" అని ఆ మురికి తీగ కట్టగట్టుకుంది కూడా. మామ వైరు పళ్ళతో ఒలిచి ముడివేశాడు. బండి కదిపి చూశాం. ముల్లు లేవలేదు.

"పుస్తకం తియ్యరా, పుస్తకం" అన్నాడు మామ.

రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని, నేను వదిలేసిన కరెంటు పేజీ తీశాను. బొటనవేలి బొమ్మ అక్కడే ఉంది. ఆ ముక్క మొన అయస్కాంతమట. షాఫ్టు మీది పళ్ళు దాని ముందు నుంచి ఎన్ని పోయాయో లెక్కపెట్టి, ఆ లెక్క అటు మీటరుకీ, ఇటు గేర్లు మార్చే కరెంటు పెట్టెకీ పంపుతుందట. లెక్క రాకపోతే బండి నిలబడి ఉందనుకుంటాయట రెండూ. పాపం, పెట్టె తప్పేముంది? నిలబడ్డ బండికి మూడో గేరు ఎవరిస్తారు? చివర చిన్న అక్షరాల్లో, మొన మీద ఇనుప పొడి పేరుకోకూడదని ఉంది. మళ్ళీ ఇంజను ఆపి ముక్క విప్పాం. మొనకి ఇనుప పొడి గడ్డంలా వేలాడుతోంది. మామ లుంగీ అంచుతో తుడిచి, పసిపిల్ల చెవికి పోగు పెట్టినంత మెల్లగా బిగించాడు.

తాళం తిప్పి బండి కదిపాను. ముల్లు వణికింది, లేచింది. రెండు. నిట్టూర్పు. మూడు. నిట్టూర్పు. నాలుగు! కాలవ, చేలు, తాడిచెట్లు వెనక్కి పరుగెత్తాయి. అప్పుడు మామ, నేను అంతకు ముందూ ఆ తర్వాతా ఆయన నోట వినని గొంతుతో అన్నాడు: "నలభై ఏళ్ళు నా చెయ్యి చేసిన లెక్కరా ఇది. బొటనవేలంత ముక్క చేస్తోంది." మామ చేతికి సలాం కొట్టాలో, ఆ ముక్కకి కొట్టాలో నాకు తెలియలేదు. తిన్నగా రేపల్లె పోనిచ్చాం. మిల్లు గేటులోకి మూడో గేరులో దూసుకొచ్చిన లారీని చూసి బాబాయి తిట్టాల్సిన తిట్లన్నీ నన్ను తిట్టి, కళ్ళు తుడుచుకుని, కట్టరు వద్దని బాపట్లకి కబురంపాడు.

మొన్న బాపట్లలో ఒక షెడ్డుకి వెళ్ళాను, ఊరికే. పాతబడ్డ టిప్పరొకటి ఆగి ఉంది: ముల్లు సున్నా, గేరు ఎక్కదు. ఒక అమ్మాయి వైరు తగిలించి ల్యాప్‌టాప్ చూసి, "స్పీడ్ సెన్సరండి" అంది. నాకు కోపం వచ్చింది. ఎవరి మాటా వినకుండా, ఈ మోకాళ్ళతో, బండి కిందకి దూరాను. షాఫ్టు శుభ్రంగా మెరుస్తోంది. వైరు చెక్కుచెదరలేదు. మొన మీద నలుసు లేదు.

"తాతగారూ, ఏం వెతుకుతున్నారండి?"

"మినప తీగ, అమ్మా."

ఆ అమ్మాయి నవ్వలేదు. తనూ వంగి, ఫోను లైటు వేసి, ఆ చివరిదాకా నాతో కలిసి వెతికింది. "లేదండి" అంది. లేదు. ఆ బొటనవేలంత ముక్కే చెడిపోయింది, ల్యాప్‌టాప్ చెప్పిందే నిజం. నన్ను చెయ్యిచ్చి లేపి, ఆ అమ్మాయి డ్రైవరు వైపు తిరిగి, "అన్నా, ఇంతకీ ఏ దారిన వచ్చారు?" అని అడిగింది. నేను చొక్కా దులుపుకుంటూ, కోపం ఎక్కడ పెట్టానా అని కాసేపు వెతుక్కున్నాను. అదీ దొరకలేదు.