సాలూరులో ఎంచుకున్న బూట్లు

నిన్న మా బడి పిల్లల పరుగు పందేనికి బూట్లు వచ్చాయి. పెట్టె తెరవగానే కొత్త రబ్బరు వాసన నన్ను సాలూరు బజారుకు తీసుకుపోయింది.

అప్పుడు నాకు పదేళ్లు. జిల్లా పందేనికి ఎంపికయ్యానని నాన్న నన్ను కొండ దింపి, పేరున్న కంపెనీ బూట్ల షాపుకు తీసుకెళ్లాడు. షాపాయన నీలం జత తొడిగి, "ఇయ్యి ఏసుకుంటే పరుగు దానంతటదే వస్తాది" అన్నాడు. నిజమేననుకుని, బూట్లు ఎప్పుడు బయలుదేరతాయా అని కదలకుండా నిలబడ్డాను.

"ఏటి గుంటా, అలా నిలబడిపోనావు?" అన్నాడు నాన్న.

"ఇయ్యి పరిగెట్టట్లేదు నాన్నా."

నాన్న నవ్వలేదు. "అయితే నువ్వే పరిగెట్టి సూడు" అన్నాడు.

వీధి చివరిదాకా పరిగెత్తి వచ్చాను. బూటులో మడమ జారింది. నల్ల జత తొడుక్కుని మళ్లీ పరిగెత్తాను. ఈసారి జారలేదు.

"నాకు ఇయ్యే కావాలి" అన్నాను.

"నీలంవి కొత్త మోడలండీ" అని షాపాయన నాన్నకు చెప్పబోయాడు.

"కాళ్లు దానివి. అదే సెప్పాల" అన్నాడు నాన్న.

పందెంలో రెండోదాన్నయ్యాను. కాఫీ తోటలో ఉత్త కాళ్లతో తిరిగిన నాన్నకు బూట్ల సంగతి తెలియదు. తెలియదని ఒప్పుకుని, పదేళ్ల పిల్ల మాటకు విలువిచ్చాడు. నాకేం కావాలో చెప్పడానికి ఆ తర్వాత నేనెప్పుడూ తడుముకోలేదు.