ఓడల్లో ఉండిపోయిన నా సైన్యం

ఇరవై రెండేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. అప్పుడు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌ని. పగలంతా బోగీల కింద గ్రీజు పూసుకుని, సాయంత్రం నిమ్‌పురాలోని మా రైల్వే క్వార్టర్లో కంప్యూటర్ ముందు కూర్చుని జపాన్ సైన్యాన్ని నడిపేవాణ్ణి. అది రెండో ప్రపంచ యుద్ధం ఆట. అందులో జపాన్ ఏ తీరంలో దళాలను దించినా ఒక్క మనిషి పోడు. టీ చల్లారేలోగా మలయా, అంటే ఇప్పటి మలేసియా, మొత్తం గెలిచేసేవాణ్ణి. నాతో ఆడేవాడు ఆ ఊళ్లోనే ఇంజనీరింగ్ చదివే కరీంనగర్ కుర్రాడు. ఎప్పుడూ చంకలో చరిత్ర పుస్తకం ఉంటుందని మా అమ్మ వాడికి పంతులని పేరు పెట్టింది. ఈ ఆట అబద్ధమని వాడి వాదన. జపాన్ నిజంగా మలయాలో దిగిన రోజు సముద్రం పోటు మీద ఉందనీ, పడవలు బోల్తాపడి, వీపున బరువులతో ఎందరో ఒడ్డు చేరకుండానే మునిగిపోయారనీ చెప్పేవాడు. నడుము లోతు నీళ్లలో మునిగేదేమిటని నవ్వాను. "బరువు కట్టుకుని నేను దిగి సూపిస్తాను, సూడు" అన్నాను. (ఈత వచ్చా అని వాడు అడగలేదు, నేనూ చెప్పలేదు.)

ఆ ఆదివారం దీఘా సముద్రతీరానికి వెళ్లాం. మా నాన్న పాత డ్యూటీ సంచిలో ఇసుక నింపి వీపుకు తాళ్లతో బిగించుకున్నాను. ఫొటోల కోసమనుకుని మేం దాదా అని పిలిచిన చేపల పడవ బెంగాలీ ఒకాయన ఇద్దరినీ ఎక్కించుకున్నాడు. ఒడ్డు దగ్గరపడగానే దూకాను. నీళ్లు నిజంగానే నడుము దాకానే ఉన్నాయి. అంతలో వెనక నుంచి వచ్చిన అల నన్ను బోర్లా పడేసింది. తడిసిన ఇసుక లేవనివ్వలేదు, ముడి ఊడలేదు. దేవుడు గుర్తురాలేదు, అమ్మ గుర్తురాలేదు. అంత గట్టిగా ఎందుకు కట్టుకున్నానా అని మాత్రమే అనుకున్నాను. దాదా జుట్టు పట్టి పడవలోకి లాగాడు. కళ్లు తుడుచుకుని చూస్తే పడవలో పంతులు లేడు. నా కోసం దూకాడట. వాడికీ ఈత రాదు.

వాణ్ణి పైకి తీసేసరికి పెదవులు నల్లబడిపోయాయి. ఐదు రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. రెండు రైళ్లు మారి వచ్చిన వాళ్ల నాన్న మంచం పక్కన నిలబడి, "ఏం పని మీద పోయిండ్రు బిడ్డా సముద్రంలకు?" అని మెల్లగా అడిగాడు. ఆటలో జపాన్‌కు నష్టం చూపించలేదని చెప్పడానికి నోరు రాలేదు. ఫొటోలు దిగడానికని చెప్పాను. ఆయన నమ్మేసి, నువ్వన్నా దక్కావని నా తల నిమిరాడు. ఇంటికొస్తే అమ్మ తిట్టలేదు. అన్నం పెట్టి, "ఆ పిల్లోడికి ఏటైనా అయ్యుంటే ఈ ముద్ద దిగునేటిరా నీకు?" అంది.

పంతులు బతికాడు. గొంతు పెగలగానే వాడడిగింది ఒకటే: "ఇప్పుడన్నా ఒప్పుకుంటవా?" ఒప్పుకున్నాను. చదువైపోయి వెళ్లేముందు నా కంప్యూటర్లో ఆటను సరిచేసి మరీ పోయాడు. ఇప్పుడు అందులో అలలున్న చోట దిగితే మనుషులు పోతారు. మౌస్ నొక్కి మలయా గెలిచిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, వెంటనే ఊపిరాడనట్టూ ఉంటుంది. సెలవు రోజున ఇప్పటికీ ఆట తెరుస్తాను. నా సైన్యం తీరానికి ఎదురుగా, ఏళ్ల తరబడి, ఓడల్లోనే కూర్చుని ఉంటుంది. వీళ్లెప్పుడు దిగుతారు నాన్నా అని మా అమ్మాయి అడుగుతుంది.

సముద్రం పోటు తగ్గాక, అంటాను.