కళ్లు పైకి, చెయ్యి లోపలికి

దేవరాజులుకు ఉన్న జబ్బు ఒక్కటే, అనుమానం. బీపీ లేదు, షుగర్ లేదు అని డాక్టరు చెబితే, ఆ రిపోర్టు తనదేనా కాదా అని మళ్లీ ల్యాబుకు వెళ్లి పేరు చూసుకుని వచ్చిన మనిషి. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం వెళ్లే బస్సులో ముప్పై రెండేళ్లు కండక్టరుగా చేసి, పోయినేడు రిటైరయ్యాడు. అన్నేళ్లలో ఆయన ఒక్క నిద్రపోయేవాణ్ని కూడా నమ్మలేదు. టికెట్ తీయనివాళ్లే కళ్లు మూసుకుంటారని ఆయన సిద్ధాంతం. ఇప్పటికీ భార్య సుశీలమ్మ మధ్యాహ్నం కాస్త కునుకు తీస్తే, చెవి దగ్గరకు వెళ్లి "టికెట్!" అంటాడు. ఆవిడ ఉలిక్కిపడి లేచిందంటే నిద్ర నిజమే అని ఒప్పుకుంటాడు.

అలాంటి మనిషిని పిల్లల పార్టీలో ఆటలు ఆడించమని పిలిచింది ఆయన మేనకోడలు సుమలత. పుంగనూరులో మిద్దె మీది గదిలో తొమ్మిది, పది తరగతులకు ట్యూషన్ చెబుతుంది. తొమ్మిది మంది ఆడపిల్లలు, తొమ్మిది మంది మగపిల్లలు. పరీక్షల భయం ముదరకముందే ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్లను నవ్విద్దామని ఆవిడ కోరిక. "ఆడామగా కలిసి ఆటలేందమ్మా?" అని తల్లులు మొహాలు ముడిచారు. ఆడించేది దేవరాజులు అని చెప్పగానే మొహాలు విచ్చుకున్నాయి.

"అట్లయితే సరే. అనుమానపడేదంతా ఆయప్పే పడతాడు, మనకు పనుండదు" అంది ఒకావిడ.

సుమలతకు అసలు దిగులు వేరే ఉంది. గాజుల అంగడి నూరున్నీసా కూతురు హుమాకు నత్తి, మాట తట్టుకుంటుంది. పోయినేడు పార్టీలో సుమలతే చీటీలు రాసింది. "నీ గురించి రెండు నిమిషాలు మాట్లాడు" అనే చీటీ పోయి పోయి ఆ పిల్లకే తగిలింది. హుమా తన పేరు దగ్గరే ఆగిపోయింది, ఎవరో కిసుక్కున నవ్వారు. రెండు వారాలు ట్యూషన్‌కు రాలేదు. ఈసారి పిలిస్తే ఒక్కో మాటా కూడదీసుకుని ఒక షరతు పెట్టింది.

"వస్తానక్కా. నన్ను మాత్రం... వదిలెయ్యద్దు. అందరి మాదిరే ఆడల్ల."

వదిలేస్తే అవమానం, వదలకపోతే పోయినేటి కథే. సుమలతకు రెండు రాత్రులు నిద్ర లేదు.

దేవరాజులు మాత్రం నోటుబుక్కు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ విచారణకు బయలుదేరాడు. మీవాడు యాల వెనక బెంచీలోనే కూర్చుంటాడు? మీ పాప దేనికి నవ్వుతుంది, దేనికి ఏడుస్తుంది? స్నానాల గదిలో గంటసేపు ఏం చేస్తాండాడు? నరేష్ వాళ్లమ్మ నేరుగా సుమలతకు ఫోను చేసింది.

"ఏంది సుమా, మీ మామ మా ఇంటికొచ్చి పోలీసు మాదిరి అడగతాండాడు?"

సుమలత తల పట్టుకుంది. "మామా, ఇది పార్టీ. కేసు కాదు."

"ఆట అంటేనే మోసం చేసేదానికి సందు. ఎవురు ఎట్లాంటోళ్లో తెలీకుండా ఎట్లా ఆడించేది?"

సందు దొరికిందని సుమలత మెల్లగా అసలు సంగతి ఎత్తింది. "మామా, హుమాకు మాట్లాడే చీటీ రాకుండా ఏమైనా..."

దేవరాజులు మీసం లేచి నిలబడింది. "పార్షియాలిటీనా? నా బస్సులో ఎమ్మార్వో ఎక్కినా టికెట్ కొట్టినానే! చీటీ అంటే చీటీ. ఏది వస్తే అది."

సుమలత ఆ దేవుడి మీద భారం వేసింది. దేవుడి మీద కూడా దేవరాజులుకు నమ్మకం అంతంతే అని గుర్తొచ్చి ఇంకా భయపడింది.

ఆదివారం వచ్చింది. మెట్ల మీదే మామ కాపలా. జేబులన్నీ వెతికి, ప్రతి పిల్లకూ పిల్లాడికీ సీటు నంబరు వేసిన టికెట్ చించి ఇచ్చాడు. స్నేహితులు పక్కపక్కన కూర్చుంటే కుట్ర చేస్తారని ఎవరినీ జతగా కూర్చోనివ్వలేదు. ఆడపిల్లల గుంపు, మగపిల్లల గుంపు ఆయన అనుమానం దెబ్బకు చెదిరి, జంపఖానా మీద గుండ్రంగా కలిసిపోయాయి. మనిషికీ మనిషికీ మధ్య మూర స్కేలు పెట్టి కొలిచాడు కూడా.

"సార్, నా పక్కనోడు కదిలినాడు" అన్నాడు భానుప్రకాశ్.

"సూసినాలే. నువ్వు రెండుసార్లు కదిలినావు, అది ఎవురు చెప్తారు?"

ఆట సులువే. దిండు చేతులు మారుతూ పోవాలి. దేవరాజులు గోడవైపు తిరిగి విజిల్ ఊది "రైట్ రైట్!" అంటే పరుగు, "హోల్డాన్!" అంటే ఆగడం. ఎవరి ఒళ్లో ఆగితే వాళ్లు ఆయన తోలు సంచిలోంచి చీటీ తీయాలి. తీసేటప్పుడు కళ్లు పైకప్పుకేసి పెట్టాలి. సంచి మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు, ఆయనే మూత తెరిచి పట్టుకుంటాడు.

"కళ్లు పైకి, చెయ్యి లోపలికి! కింద చూసినోళ్లు బస్సు దిగిపోవల్ల!"

భానుప్రకాశ్‌కు ముక్కుతో గాల్లో తన పేరు రాయమని వచ్చింది. అంత పొడుగు పేరు పెట్టినందుకు వాళ్ల నాన్నను తిట్టుకుంటూ రాశాడు. ఎప్పుడూ నోరు విప్పని నరేష్‌కు పాట వచ్చింది. వాడు గొణుగుతూ మొదలుపెట్టి, రెండో చరణానికి కళ్లు మూసుకుని పాడేశాడు. చప్పట్లు ఆగలేదు. "నిజంగా నువ్వే పాడినావా? ఫోను దాచిపెట్టుకోలేదు కదా?" అని దేవరాజులు వాడి జేబులు తడిమాడు.

మరుసటి "హోల్డాన్"కు దిండు హుమా ఒళ్లో పడింది.

సుమలత లేచి నిలబడింది. హుమా కళ్లు పైకెత్తి చెయ్యి పెట్టింది. చీటీ విప్పింది. పక్కన కూర్చున్న ఇందు అనే పిల్ల తొంగిచూసి గట్టిగా చదివింది: "కండక్టర్ సీటు నీది. మిగతా ఆట నువ్వే నడపల్ల."

దేవరాజులు మొహం మాడ్చుకుని మెడలోని విజిల్ తీసి ఇచ్చాడు. "నా ఉద్యోగానికే ఎసరు. సరే, చీటీ అంటే చీటీ."

హుమా గోడవైపు తిరిగి విజిల్ ఊదింది. దిండు పరుగెత్తింది. ఇక ఆపాలి. "హో..." అని అక్కడ ఆగింది. సుమలత కళ్లు మూసుకుంది. కానీ మాట పూర్తి కాలేదంటే దిండు ఆగకూడదు కదా! "హో... హో..." అంటుంటే దిండు నిప్పులా చేతులు మారింది, పిల్లలు కేకలు పెట్టారు, ఎవరి ఒళ్లో ఆగుతుందో అంతుచిక్కలేదు. "...ల్డాన్!" అనేసరికి అది భానుప్రకాశ్ చేతిలో ఉంది.

"అక్కా, సారే నయం! ఈ పాప ఎప్పుడు ఆపేదీ తెలీదు, శానా డేంజరు!" అని వాడు మొత్తుకున్నాడు.

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా హుమా నవ్వింది. మూడు గంటలపాటు ఆ సీటు వదల్లేదు.

పిల్లలు వెళ్లాక సుమలత జంపఖానా మడుస్తూ ఆ తోలు సంచిని చూసింది. మామ దగ్గర నేర్చుకున్న బుద్ధి, ఒక అనుమానం వచ్చింది. తెరిచింది. లోపల మూడు అరలు. పెద్ద అరలో రకరకాల చీటీలు. రెండో అరలో ఆరు చీటీలు, ఆరింటిలోనూ "ఒక పాట పాడు". మూడో అరలో ఎనిమిది. ఎనిమిదింటిలోనూ కండక్టర్ సీటే.

ఆ ఇల్లిల్లూ తిరిగిన విచారణా, ఆ "కళ్లు పైకి" షరతూ ఎందుకో అప్పుడు అర్థమైంది. నవ్వూ వచ్చింది, మామ మీద ప్రేమా పొంగింది.

"ఎవురమ్మా నా సంచి ముట్టింది?" వెనకనుంచి గొంతు.

"చెకింగ్ మామా. ముప్పై రెండేళ్ల సర్వీసులో మొదటిసారి దొరికిపోయినావు."

దేవరాజులు చీటీలు లాక్కుని జేబులో కుక్కుకున్నాడు. "ఎవురికైనా చెప్తావా?"

"చెప్పను."

"ఎట్లా నమ్మేది?"

"నమ్మద్దులే. అవును, విజిల్ యాడ?"

ఆయన మెడ తడుముకున్నాడు. లోపలికి వచ్చేటప్పుడు పద్దెనిమిది మంది జేబులూ వెతికిన మనిషి, పోయేటప్పుడు ఒక్కరిదీ వెతకలేదు.

"ఆ హుమానే ఎత్తుకపోయింటాది, నాకు అనుమానంగానే ఉండాది" అన్నాడు కోపం తెచ్చుకుని. "వచ్చే ఆదివారం రమ్మని చెప్పు, విచారణ ఉండాది. సాక్షులు కావల్ల, మిగతా పదిహేడు మందినీ రమ్మను."