అడవి పొగ, పొయ్యి పొగ

అరవైల చివర తార్నాకలో ఒక డాబా మీది గదిలో మేమిద్దరం అద్దెకుండేవాళ్లం. నేను ఎం.ఏ. చదువుతున్నాను. నా స్నేహితుడు యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాడు. అతని విషయం పొగ. ఎండలు ముదిరే ముందు గోదావరి అవతలి అడవుల్లో, ఒరిస్సా కొండల్లో, ఇంకా పైన అస్సాం దాకా రాలిన ఆకులు తగలబడతాయి. ఆ పొగ గాలిలో కలిసి ఎటు పోతుందో, ఎక్కడ తేలుతుందో పటం మీద గీయాలని అతని పట్టుదల. మార్చి, ఏప్రిల్‌లో హైదరాబాదు మీద కమ్ముకునే మసక ఆ పొగేనని అతని నమ్మకం.

"అది మన రైలింజన్ల పొగేనయ్యా" అని నవ్వేవారు అతని గైడు. ఇంకొక్క వేసవి అదే చోటి నుంచి, అదే వేళకు చూసి చూపిస్తే ఒప్పుకుంటానన్నారు. లేకపోతే వేరే విషయం వెతుక్కోవాలి.

ఆ చోటు మా డాబా, ఆ వేళ పొద్దున. అక్కణ్నుంచి మౌలాలి గుట్ట, దాని మీది దర్గా నేరుగా కనిపించేవి. దర్గా తెల్లగా మెరిస్తే గాలి తేటగా ఉన్నట్టు. గుట్ట గీతలా మిగిలితే పొగ వచ్చినట్టు. గుట్టే లేకపోతే ఆ రోజు అతనికి పండగ. గబగబా యూనివర్సిటీకి నడిచి, గాలుల పటం ముందేసుకుని, పొగ వచ్చిన దారిని పెన్సిల్‌తో వెనక్కి, అడవి దాకా గీసుకుంటూ పోయేవాడు.

ఇంటావిడది భువనగిరి వైపు రైతు కుటుంబం. భర్త రైల్వేలో పనిచేసేవాడు. ఆమెను పెద్దమ్మా అనేవాళ్లం. మా చాయ్ ఆమె చేతిదే. ఇల్లంతా పొగచూరుతున్నదని, ఆ వేసవి మొదట్లో డాబా మీద తూర్పు వైపు వంటగది కట్టించాలనుకుంది. గోడ లేస్తే గుట్ట పోతుంది.  ఎలా అడగాలో తెలియక నా స్నేహితుడు మెట్ల మీద తచ్చాడేవాడు.

అడగక్కర్లేకపోయింది. ఇటుకలు దింపుతున్న మేస్త్రీని ఆమే ఆపింది.

"తూర్పు దిక్కు వద్దు. పడమర కట్టు."

"పడమరయితే పగటీలి ఎండంత నీ మొకం మీదనే కొడ్తదమ్మా."

"కొట్టనీ. గా పిలగాడు గుట్టకు మొక్కుకున్నడు. దినాం తానం జేసి, చెప్పులిడిసి, గుట్ట మొకం జూసినంకనే చాయ్ తాగుతడు. నేను గోడ వెట్టి మొక్కు చెడగొట్టాల్నా?"

నల్లాలో నీళ్లు పెందలాడే ఆగిపోతాయని అతను ముందే స్నానం చేసేవాడు. చెప్పులు మెట్ల దగ్గర విడవాలన్నది ఆమె పెట్టిన నియమమే. ఒక కన్ను మూసి గుట్టను చూడడం ఆమెకు దండంలా కనిపించింది. గుట్టకు మొక్కడానికి ఆ ఇంట్లో మతం అడ్డు కాదు. ఆమె కూడా ఏటా ఎక్కి వచ్చేది.

నేను ఊరుకోమన్నాను. మొక్కు పేరు చెప్పుకొని ఉండలేనని అతను కిందికి వెళ్లాడు.

"పెద్దమ్మా, నాకు మొక్కేం లేదు. నేను పొగ చూస్తున్న."

"ఏం పొగ?"

"అడవి పొగ. ఒరిస్సా దిక్కుకెల్లి వస్తది."

ఆమె అతన్ని పైకీ కిందికీ చూసింది. "గంత దూరంకెల్లి వస్తదని దినాం ఎదురుంగ నిలవడ్తవా? సుట్టమా ఏంది?" చాయ్ గ్లాసు అతని చేతిలో పెట్టి, "మేస్త్రీ పని మొదలువెట్టిండు. ఇగ పడమరనే ఉండనీ" అంది.

వంటగది లేచింది. అప్పుడొచ్చింది అసలు చిక్కు. పై గాలి అడవి పొగను తెస్తే, కింది గాలి పడమటి నుంచి పెద్దమ్మ పొయ్యి పొగను తెచ్చి సరిగ్గా అతని కళ్లకూ గుట్టకూ మధ్య నిలబెట్టేది. మళ్లీ ఆమె దగ్గరికే వెళ్లాడు.

"జర నేను చూసినంక పొయ్యి ముట్టిస్తవా పెద్దమ్మా?"

"నీ పొగ జూసెటందుకు నా పొగ ఆపాల్నా? పోయి రైలింజన్ గూడ ఆపిరా. మా ఆయన గాడనే ఉంటడు."

మాట అలా అన్నా, పొయ్యి ముట్టించకుండా ఆగింది. వానలు పడేదాకా పొయ్యి ముందు అగ్గిపెట్టె పట్టుకుని కూర్చుని, "అయిందా?" అని కేకేసేది. గైడు చివరికి ఒప్పుకున్నారు. ఒప్పుకోనిది పెద్దమ్మ భర్త ఒక్కడే. డ్యూటీకి పోతూ మెట్ల కింద నిలబడి గొణిగేవాడు:

"పొగ ఒరిస్సాకెల్లి వచ్చింది. చాయ్ డాబా మీదికెల్లి వస్తలేదు."