పై నీళ్లు, కింది నీళ్లు

పోయిన వారం బడిలో మూడో పీరియడు పాఠం చెబుతుండగా ఫోను మోగింది. చిన్నప్పటి నుంచి మేము కాక అని పిలుచుకున్న మనిషి కూతురు.

"అక్కా, బాపు పోయిండు. పొద్దుగాల చాయ తాగిండు, గోడకు ఒరిగిండు, గంతే" అంది.

"అక్కడ వాన పడ్తందా?" అని అడిగాను. చావు కబురు విన్నవాళ్లు అడగాల్సిన మాట కాదది. ఆ పిల్ల మాత్రం తప్పు పట్టలేదు. "పడ్తందక్కా. తలుపు తీసే ఉన్నది" అంది. నేను పనిచేసే నస్పూర్‌లో బస్సెక్కి గోదావరి దాటేదాకా ఆ మాటే చెవిలో ఉంది.

కాక మాకు చుట్టం కాదు. గోదావరిఖని కంపెనీ క్వార్టర్లలో మా రెండిళ్లకూ నడుమ ఒకటే గోడ. బొగ్గుగనిని మా దగ్గర బాయి అంటారు. మా బాపు బాయిలో బొగ్గు నింపేవాడు. కాక అదే బాయిలో పంపు ఆపరేటర్. నేల లోపల ఊరే నీళ్లను పైకి తోడడం ఆయన పని. ముప్పై ఏళ్లు అదే పని.

మా ఎండల సంగతి తెలిసిందే. మే నెలలో రేకుల కింద మధ్యాహ్నం పూట మనిషి ఉండలేడు. అందుకే తొలివాన పడితే క్వార్టర్లన్నీ వాకిట్లోకి వచ్చేవి. బొగ్గు దుమ్ముతో నల్లబడ్డ వేపాకు గంటలో పచ్చగా బయటపడేది. డంపర్లు జారుతాయని, నేల పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో పని ఆపేవాళ్లు. బ్లాస్టింగులు లేక మా వంటింట్లో గిన్నెలు ఆ రోజుల్లో గలగలమనేవి కావు. పొయ్యిలో బొగ్గులు ఎర్రగా ఉంటే అమ్మ మక్క కంకులు కాల్చేది. అయితే భూమి లోపలి బాయికి వానతో సెలవు లేదు. బాపు డ్యూటీలో ఉంటే అమ్మ మొదటి గంటసేపే నవ్వేది. తర్వాత మాటలు తగ్గేవి, ఊరికే వాకిట్లోకి వెళ్లి మబ్బు చూసి వచ్చేది. ఇంట్లో అందరూ నేల మీద ఉన్నప్పుడే వాన మాకు సుఖం.

కాకకు మాత్రం అన్ని వానలూ ఇష్టమే. షిఫ్టు దిగి, స్నానం చేసి, నులక మంచం వరండాలోకి లాక్కుని కళ్లు మూసుకునేవాడు. నిద్రపోయాడనుకునేదాన్ని. రేకుల మీద చప్పుడు వినేవాడు.

"గిది ఉరుకుడు వాన బిడ్డా. మోరీలల్ల వడి వోతది. నా దాంక రాదు" అనేవాడు. ఇంకో రోజు, చప్పుడే లేని సన్న ముసురు పడుతుంటే వేలు పైకెత్తి, "గిది ఇంకే వాన. మూడొద్దులకు కింద నన్ను కలుస్తది" అనేవాడు.

నాకప్పుడు ఎనిమిదేళ్లుంటాయి. "మరి నేను తడిసిన వాన గూడ నీ దగ్గరికొస్తదా కాకా?" అని అడిగాను. పెద్దవాళ్లు నవ్వే ప్రశ్న. ఆయన నవ్వలేదు. కొంచెం ఆలోచించి, "వస్తది. గుర్తు పడ్త తియ్యి" అన్నాడు.

ఒకసారి డ్యూటీకి తీసుకుపోయే సీసాలో బాయి నీళ్లు పట్టుకొచ్చి నా చేతికిచ్చాడు. నల్లగా ఉంటాయనుకున్నాను. అద్దంలా ఉన్నాయి. సీసా పట్టుకుంటే వేళ్లు జిల్లుమన్నాయి. ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే రాయి వాసన. "గివి అన్నీ నిన్న మొన్నటి నీళ్లు కావు. రాతి నడుమ చిక్కుకొని ఏండ్లకేండ్లు కిందికి దిగుతయి. గిండ్ల మీ తాత నాగలి దున్నేనాటి వాన గూడ ఉండచ్చు" అన్నాడు. నేను ఆ సీసాను కిటికీలో పెట్టుకుని సాయంత్రం దాకా చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు నేను బడి పిల్లలకు నీటి చక్రం పాఠం చెబుతాను. బోర్డు మీద బాణం గుర్తులు గీస్తాను. ఆ సీసా చూసినప్పుడు కలిగినంత ఆశ్చర్యం పిల్లలకు అందించడం మాత్రం నాకింకా చేతకాలేదు.

నేను పదో తరగతి చదివే ఏడు ముసురు ఐదు రోజులు విడవలేదు. ఐదో రోజు పగలు, బడి మూసేసి ఇంటికి వచ్చేసరికి క్వార్టర్లన్నీ రోడ్డు మీద ఉన్నాయి. వాగు పొంగి బాయిలోకి నీళ్లు ఎక్కువయ్యాయట, మొదటి షిఫ్టు వాళ్లను పైకి తెస్తున్నారట. బాపు, కాక ఇద్దరిదీ అదే షిఫ్టు. అమ్మ, చిన్నమ్మ, నేను బాయి దాకా ఉరికాం. కాక భార్యను నేను చిన్నమ్మ అంటాను.

మనుషులు ఐదుగురూ పదిమందీ గుంపులుగా పైకొస్తున్నారు. కొంతసేపటికి మా బాపు వచ్చాడు, తొడల దాకా తడిసి. అమ్మ ఆయన చొక్కా పట్టుకుని వదలలేదు. బాపు మాత్రం చిన్నమ్మ వైపు తిరిగాడు.

"చెల్లె, తమ్ముడు పంపుకాడ్నే ఉన్నడు. బయటికొచ్చే తొవ్వల ఒక పల్లం ఉన్నది. పంపు ఆగితే ఆ పల్లం మునుగుతది. ఇంకో గ్యాంగు లోపల్నే ఉన్నది. జబ్బ వట్టి గుంజిన, రాలే. ఆళ్లు దాటేదాంక ఇది నడ్వాలె, నువ్వు జల్ది పో అన్నడు."

చిన్నమ్మ ఏడవలేదు. అక్కడికి కొంచెం దూరంలో, ఆ పంపు తోడిన నీళ్లు బయట పడే లావాటి గొట్టం ఉంది. పోయి దాని ఎదురుగా నిలబడింది. మేమూ నిలబడ్డాం. "నీళ్లు వడ్తున్నయంటే మనిషి ఉన్నట్టే" అంది. అంతటి వానలో, చుట్టూ అన్ని నీళ్లలో, మేమందరం ఆ ఒక్క ధారనే చూస్తున్నాం.

ఎంతసేపయిందో తెలియదు. ధార సన్నబడింది. రెండుసార్లు ఎగదన్నింది. ఆగిపోయింది.

చిన్నమ్మ కొప్పు విప్పి, నీళ్లు పిండి, మళ్లీ గట్టిగా ముడేసుకుంది. చూపు మాత్రం గొట్టం మీది నుంచి తీయలేదు.

అరగంటకు బాయి గేటు దగ్గర కేక వినిపించింది. లోపలి గ్యాంగు వచ్చింది. అందరి వెనక, మెడ దాకా తడిసి, టోపీ మీద దీపం ఇంకా వెలుగుతుండగా కాక వచ్చాడు. వాళ్లంతా పల్లం దాటాకే పంపు ఆపి వాళ్ల వెంట నడిచాడట. చిన్నమ్మ వెళ్లి గొడుగు ఆయన మీద పట్టింది. ఆయన మెల్లగా పక్కకు జరిపాడు.

"గొడుగు తియ్యే. పొద్దట్నుంచి కింది నీళ్లల్ల ఉన్న. గివి పై నీళ్లు. జర తడ్వనియ్యి."

అని ముఖం పైకెత్తి నిలబడ్డాడు. ముఖం మీది బొగ్గు చారలుచారలుగా దిగింది. ఏ వాన ఆయన్ను మింగబోయిందో అదే వానలో పసిపిల్లవాడిలా కళ్లు మూసుకున్న ఆ మనిషిని చూస్తుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. అంత పెద్ద మనసును దగ్గరగా చూడడం నాకదే మొదలు.

తర్వాత ఒక రోజు అడిగాను, "కాకా, నీకు వాన మీద కోపం రాదా?"

"కోపమెందుకు బిడ్డా? అది దాని ఇంటికి పోతంది. భూమే దాని ఇల్లు. మనమే దాని ఇంట్లకు వోయి బతుకుతున్నం" అన్నాడు.

రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి ఊరి చివర రెండు గదులు కట్టుకున్నాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. చల్లగాలి తగలనీయొద్దని దవాఖానలో చెప్పారు. అయినా వాన వస్తే తలుపు వేయనిచ్చేవాడు కాదు. తెలంగాణ వచ్చిన ఈ ఎండాకాలం చివర చూడ్డానికి వెళ్లాను. వానలు ఆలస్యమయ్యాయి. "రాష్ట్రం వచ్చింది బిడ్డా, ఇగ వానే రావాలె" అని నవ్వబోతే దగ్గు వచ్చింది.

"వచ్చినా తలుపు వెడ్త సూడు" అని చిన్నమ్మ గదమాయించింది.

"తలుపు వెడితె అది పరాయోల్ల వాన అయితదే" అన్నాడు. ఆయన నోట నేను విన్న చివరి మాట అదే.

పోయిన వారం, ఫోను వచ్చిన రోజు సాయంత్రం ఆయన్ను గోదావరి ఒడ్డుకు తీసుకుపోయాం. అప్పటికి వాన తెరిపిచ్చింది. చితి అంటుకున్నాక అందరం నది వైపు తిరిగి నిలబడ్డాం. అవతలి ఒడ్డున చెట్లు ఒక్కటొక్కటే కనబడకుండా పోతున్నాయి. తెల్లటి వాన నీటి మీద నడుచుకుంటూ ఇటే వస్తోంది. దాని ముందు నది నల్లగా, కదలకుండా ఉంది. వెనక అంతా తెలుపు. చప్పుడింకా మా దాకా రాలేదు.