దించని శ్రుతి

మా బ్యాండ్‌లో ముగ్గురమే ఉండేవాళ్లం. నేను గిటార్. డ్రమ్స్ వాయించేవాడు గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డ కుటుంబం వాడు. పాడేది మన్సూరాబాద్ అమ్మాయి. చిన్నప్పటి నుంచి చర్చి క్వయర్‌లో పెరిగిన గొంతు ఆమెది. ఎల్‌బీ నగర్ దాటాక హైవే పక్కనున్న ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్లు కలిసి చదివాం. బేస్ గిటార్‌కు మనిషి దొరక్క ఆ భాగాన్ని లాప్‌టాప్‌లో నింపుకుని నెట్టుకొచ్చేవాళ్లం.

ఆఖరి సెమిస్టర్‌లో వీడ్కోలు సభకు మాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. నాలుగు పాటలు పడతాయి. నాలుగూ జపాన్ రాక్ పాటలే కావాలని పట్టుబట్టింది నేనే. హాస్టల్లో సగం మంది జపాన్ కార్టూన్ సీరియళ్లు చూసి పెరిగినవాళ్లే కాబట్టి మిగతా ఇద్దరూ కాదనలేదు.

కర్మన్‌ఘాట్‌లో మా ఇంటి మూడో అంతస్తు మీద నాన్న కిరాయికి ఇద్దామని వేసిన గది ఒకటి ఉండేది. అక్కడిదాకా నీళ్లు ఎక్కక ఎవరూ దిగలేదు. గోడలకు పాత పరుపులు నిలబెట్టి అందులోనే ప్రాక్టీసు చేసేవాళ్లం. జనవరి చివర్లో ఒక ఆదివారం, ముప్పై పాటల జాబితాతో ముగ్గురం అక్కడ కూర్చుని నాలుగు ఎంచుకున్నాం. మొదటిది అందరికీ తెలిసిన సీరియల్ పాట. రెండోది నెమ్మదైనది, ఆమె ఎంచుకుంది. మూడోది డ్రమ్స్ కోసం. నాలుగోది నాది.

వాన పడుతున్న రైల్వే ప్లాట్‌ఫాం మీద నిలబడి, వెళ్లిపోయిన స్నేహితుణ్ణి పిలిచే పాట అది. అసలు పాడింది ఒక మగవాడే కానీ, ఆడవాళ్లకు కూడా అందనంత పైన పాడాడు. చివర పల్లవి మూడోసారి వచ్చేటప్పుడు శ్రుతి ఇంకో మెట్టు ఎక్కుతుంది. విని డ్రమ్మర్ తల అడ్డంగా ఊపాడు.

"ఇది మరీ ఎక్కువైపోద్దిరా. రెండు మెట్లు దించేద్దాం."

"దించితే గిటార్ మోతే పోతది. ఆ బాణీ మొత్తం వేలు పెట్టని ఖాళీ తీగల మీదనే ఉంది" అన్నాను.

ఆమె నవ్వింది. "అరే, పాడ్తా తియ్. పోయిన క్రిస్మస్‌కు ఇంతకన్న పైకి పాడిన."

నేను చెప్పింది సగమే నిజం. తీగలను వదులు చేసి కట్టుకుంటే శ్రుతి దిగుతుంది, ఖాళీ తీగల మోతా ఉంటుంది. గిటార్ పట్టిన రెండో నెలలోనే ఎవరికైనా తెలిసే సంగతి అది. కానీ వదులైన తీగ కొంచెం మెత్తగా పలుకుతుంది. వీడియో తీసి పెడితే వినేవాళ్లు అసలు పాటతో పోలుస్తారు. అందుకని చెప్పలేదు.

ఆమె పాటలను పొడుగు నోటుబుక్కులో తెలుగు అక్షరాల్లో రాసుకునేది. "చూడు, వీళ్ల మాటలు గూడ మనలెక్కనే అచ్చుతోని అయిపోతయి. తెలుగు పాడినట్టే ఉంటది" అనేది. ఊపిరి తీసుకోవలసిన చోట ఎర్ర పెన్నుతో గీత పెట్టేది. మొదట్లో నాలుగో పాటలో లైనుకొకటి ఉండేవి ఆ గీతలు. ఫిబ్రవరి మధ్యకు వచ్చేసరికి రెండు మాటలకొకటి అయ్యాయి.

అప్పటికే ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో మధ్యాహ్నాలు పనికి కుదిరింది. కాలేజీలో ప్రాజెక్టు తప్ప క్లాసులు లేవు. డెమో క్లాసుకు రమ్మని పిల్లల తల్లిదండ్రులకు ఫోన్లు చేయడమే పని. రోజుకు నాలుగు గంటలు, ఏసీ గదిలో, పక్కన ఇరవై మంది మాట్లాడుతుండగా వాళ్లందరి గొంతులను మించి మాట్లాడాలి. అక్కడి నుంచి మెట్రో ఎక్కి వచ్చి మా గదిలో రెండు గంటలు పాడేది. ఆపైన ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై శ్రమదినాలు మొదలయ్యాయి, చర్చిలో రోజూ సాయంత్రం కూటాలు.

ప్రతి ప్రాక్టీసునూ నేను ఫోన్‌లో రికార్డు చేసేవాణ్ణి. మూడో వారం రికార్డింగ్‌ను మెట్రోలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటున్నాను. చివరి పల్లవిలో, అన్నిటికంటే పై స్వరం దగ్గర, ఒక్క క్షణం గొంతు లేదు. ఉత్త గాలి వినబడింది. చిరిగిన సంచిలోంచి ఇసుక జారుతున్నట్టు. వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. ఉంది. మరుసటి వారం రికార్డింగ్‌లో ఆ ఖాళీ కొంచెం పెరిగింది. ఆ తర్వాతి వారం పై స్వరంలోనే కాక, దానికి ముందున్న స్వరంలో కూడా వినిపించింది.

"గొంతు ఎట్లుంది?" అని అడిగాను.

"జర గరగర, అంతే. ఫోన్లు మాట్లాడి మాట్లాడి" అంది. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుని, ఫ్లాస్కులో వేడినీళ్లు తెచ్చుకునేది. మాటలు తగ్గించింది. చేత్తో సైగ చేసి, పాడవలసి వచ్చినప్పుడే నోరు తెరిచేది. డ్రమ్మర్ ఒకసారి నా వైపు చూసి ఏదో అనబోయి, కర్రలు తిప్పుకుంటూ ఊరుకున్నాడు. వాడికి వినబడలేదేమో అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అవసరం.

సభకు పది రోజుల ముందు ఆ అమ్మాయి వాళ్లమ్మ మా ఇంటికి వచ్చింది. ఆమె ఒక ప్రైవేటు బడిలో ఆయా. నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చిన మనిషి. మూడంతస్తులు ఎక్కి, ఆయాసపడుతూ తలుపు దగ్గర నిలబడింది. కూతురు ఇంకా రాలేదు. నేనొక్కణ్ణే తీగలు సవరించుకుంటున్నాను.

"కొడుకా, నీ చెవి మంచిదని చెప్తది నా బిడ్డ. ఏ స్వరం తప్పినా నువ్వు పట్టుకుంటవంట కదా?"

"ఏదో ఆంటీ."

"నాకు పాటల సంగతి తెల్వదు. పొద్దున లేస్తే దాని గొంతు మొగోని గొంతు లెక్క ఉంటున్నది. అడిగితే నాకేం కాలే అంటది. నువ్వు చెప్పు, దాని గొంతు మంచిగనే ఉన్నదా?"

నా ఫోన్ పక్కనే, పరుపు మీద ఉంది. అందులో రెండు నెలల రికార్డింగులున్నాయి.

"బానే ఉంది ఆంటీ. పరేషాన్ గాకుర్రి. ప్రోగ్రాం అయినంక రెస్ట్ తీసుకుంటది."

ఆమె నా ముఖం వైపు కొంతసేపు చూసింది. తర్వాత కొంగుతో మెడ తుడుచుకుని మెట్లు దిగిపోయింది. ఆవిడ వచ్చిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

సభ ఏప్రిల్‌లో, ఎండ తగ్గాక, కాలేజీ గ్రౌండులో జరిగింది. మొదటి మూడు పాటలూ బాగా వచ్చాయి. మొదటి పాటకే జనం కుర్చీలు వదిలి ముందుకొచ్చేశారు. నాలుగో పాట మొదలుపెట్టే ముందు ఆమె నా వైపు తిరిగి గొంతు మీద వేలు పెట్టుకుంది. ఏదో అడుగుతున్నట్టు కనిపించింది. నేను తల ఊపి బాణీ అందుకున్నాను.

మూడో పల్లవి దగ్గర శ్రుతి మారింది. ఆమె తల ఎత్తింది, నోరు తెరిచింది. ఏమీ రాలేదు. స్పీకర్లలో గాలి కూడా వినబడలేదు. ముందున్న గుంపుకు అర్థం కాక, తమను పాడమని వదిలేసిందనుకుని అందరూ ఒక్కసారిగా అరిచి పాడటం మొదలుపెట్టారు. ఆ గోలలో ఆమె నోరు తెరిచే ఉంది. మెడ నరాలు తేలాయి. డ్రమ్స్ ఆగిపోయాయి. వెనక లాప్‌టాప్ బేస్ మోగుతూనే ఉంది. నేను ఆగలేదు. పాట అయిపోయేదాకా వాయించాను.

స్టేజీ వెనక ఆమె మాట్లాడబోయింది. పెదవులు కదిలాయి, అంతే. ఫోన్‌లో టైపు చేసి చూపించింది: "ఏదో తెగినట్టయింది."

మర్నాడు పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో ముక్కు, చెవి, గొంతు దవాఖానకు వెళ్లాం. ఆమె, వాళ్లమ్మ, నేను. డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూసింది. తెర మీద ఆమె గొంతు లోపల రెండు తెల్లటి మడతలు. అందులో ఒకటి ఎర్రగా ఉబ్బి ఉంది. దాని అంచున బఠాణీలో సగమంత కండ.

"ఇది ఒక్కరోజులో వచ్చింది కాదు. ఉన్న కండ మీద ఒత్తిడి పడి లోపల నెత్తురు చిమ్మింది. గొంతు ఎన్ని రోజుల నుంచి ఇట్లా ఉంది?"

అమ్మాయి మాట్లాడకూడదు. వాళ్లమ్మ చెప్పింది: "పది పదిహేను రోజులైతుందమ్మా."

"కాదు డాక్టర్" అన్నాను. "రెండు నెలలు."

డాక్టరమ్మ రాసుకుంది. బయట వరండాలో, మందుల చీటీ చేతిలో పట్టుకుని, వాళ్లమ్మ నా ఎదుట నిలబడింది.

"గా రోజు నిన్ను అడిగిన కద కొడుకా."

కోపంగా అనలేదు. జవాబు కోసం ఆగలేదు. కూతురి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కింది.

మూడు వారాలు ఒక్క మాట మాట్లాడొద్దన్నారు. తర్వాత ఆపరేషన్ చేశారు. ఆ మౌనం రోజుల్లోనే నేను ఆమెకు పెద్ద మెసేజ్ రాశాను. రికార్డింగుల సంగతి, తీగలు వదులు చేస్తే సరిపోయేదన్న సంగతి, అన్నీ. రెండు రోజులకు జవాబు వచ్చింది.

"తీగల సంగతి నాకు తెలుసు. మన డ్రమ్మర్ అప్పుడే చెప్పిండు. నువ్వే దించుదామంటవేమో అని చూసిన."

దాని కింద ఇంకేమీ లేదు. నేనూ మళ్లీ రాయలేదు.

ఏడాది దాటాక ఎల్‌బీ నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు. గొంతు గుర్తుపట్టక అలాగే నడిచాను. ఆమె పరుగెత్తుకొచ్చి భుజం మీద తట్టింది. అడుగున ఇసుక ఉన్నట్టు, లోతుగా మారిన గొంతు. సూర్యాపేట బస్సు కోసం పోతోందట, అక్కడ ఒక బడిలో కంప్యూటర్ చెబుతోందట. క్వయర్‌లో ఇప్పుడు కింది వరుసలో పాడుతోందట.

"పై వరుస ఇగ నాతోని కాదు. అమ్మకే రంది, ఇంకా బాధపడ్తనే ఉంది" అంది. సంచి భుజం మార్చుకుని, "నువ్వు వాయిస్తున్నవా?" అని అడిగింది.

లేదన్నాను. ఆమె ఎందుకని అడగలేదు. బస్సు వస్తే ఎక్కి, కిటికీ దగ్గర సీటు చూసుకుని కూర్చుంది. చెయ్యి ఊపుతుందేమోనని నిలబడ్డాను. పక్క సీటు ముసలామె ఏదో అడిగితే, ఆమె అటు తిరిగి మాట్లాడుతూ ఉంది.